ఏ ఘనపూర్?

ఇనవడ్తది ఇనవడ్తది అంటరు మేడం, ఏడ ఇనవడ్తది? తలుపులేసిన మీ గదిల ఇనవడ్తది! మీరు నోటికి అట్ట అడ్డం పెట్టుకొని 'బంతి, చీమ' అంటె నా బిడ్డ తిరుమల టకటక చెప్తది. గదే పిల్లను హన్మకొండ బస్టాండ్ల నిలవెట్టి సూడుండ్రి జర!

ఆఁ, తెలుసు. చెవెనుక ఆపరేషన్ చేసి మిషిన్ పెట్టిన్నాడే చెప్పిండ్రు, లొల్లిల కష్టమని. గని మొన్న మా పానాలు పోయినంత పనైంది, గది ఇనుండ్రి.

కాలేజి ఇడిశిపెట్టినంక బస్టాండుకొచ్చింది. మాది స్టేషన్ ఘన్‌పూర్ గదా. కండక్టరేమో 'ఘనపూర్, ఘనపూర్' అని ఒర్లుతుండు. హారన్లు, పైనుంచి మైకు. ఇది 'స్టేషనా?' అనడిగిందట. ఆయన ఏమన్నడో ఏమో! ఇనవడకపోతె తల ఊపుడు దానికి అలవాటు. ఊపింది, ఎక్కింది. గది మా ఊరిది కాదు, భూపాలపల్లి దిక్కున్న ములుగు ఘనపూర్ బస్సు! ఆడోళ్లకు పైసల్లేని టికెటాయె, పైసలెక్కువడిగితెనన్న అనుమానమొస్తుండె.

మీరిచ్చిన చిన్న మైకు సంచిల్నే ఉన్నది. కండక్టర్ చేతికిచ్చి 'అన్నా, దీంట్ల చెప్పు' అంటె ఆయన మాట సీదా దాని చెవికి పోతుండె. ఇయ్యలే. సిగ్గట! ఇంటికొచ్చినంక 'సిగ్గేందే, నోరు లేదా?' అని బాగ తిట్టిన.

పొద్దుగూకింది. నేను, మా ఆయన యాకయ్య మా బస్టాండ్ల ఎదురుచూస్తున్నం. ఫోనొచ్చింది. 'అమ్మా, ఘనపూర్ల దిగిన, మీరేరి?' అంటది. 'ఈడ్నే ఉన్నమే, సూడు' అంటి. 'లేరు' అంటది. ఈయన ఫోన్ గుంజుకొని 'ఏడున్నవే!' అని గాయిగాయి చేస్తుండు. అరిస్తె మిషిన్ల మాట ముద్దయితదని మీరు చెప్పిండ్రు, నిజమే. గప్పుడు ఎవ్వరికి యాదికొస్తది?

'టేషన్ కాడ ఉన్నవానే?' అని మొత్తుకున్న. దానికి టేషన్ ఒక్కటే చెవిల వడ్డది. సక్కగ పోయి పోలీస్ టేషన్ల కూసున్నది! ఆడ్నించి లేడీ కానిస్టేబుల్ ఫోన్ చేసి, 'అమ్మా, ఇది ములుగు ఘనపూర్' అంటె గప్పుడు ఎరుకైంది, పిల్ల ఇంకో దిక్కు పోయిందని. ఈయన పోయి తోల్కొచ్చిండు.

పిల్లనెందుకు తోల్కరాలేదా? ఎట్ల తోల్కరావాలె! అప్పటిసంది మిషిన్ తీసి డబ్బల వెట్టింది, ముట్టుకుంటలేదు. కాలేజికి పోనంటది. పోవద్దని వాళ్ల బాపు కూడ అంటుండు. ఇన్నేండ్ల కష్టం ఆ డబ్బల మూతేసి పెట్టినట్టే గదా!

ఏంది మేడం? మెసేజ్ పెట్టకపోయిండ్రా అంటరా?

గప్పుడు ఫోన్లనే అడిగింది. 'ఇనవడ్తలేదే అమ్మా, ఎవలతోనన్న మెసేజ్ పెట్టియ్యి' అని ఏడ్చింది. నాకు రాయరాదు. ఈయనకూ రాదు. చుట్టు ఎంతమందో నిలవడ్డరు, ఒక్కల చేతిల ఫోన్ వెట్టి 'గీ ముక్క రాసియ్యి నాయినా' అంటె అయిపోతుండె. అడగలే.

సిగ్గైంది మేడం. దాన్ని తిట్టిన నోరే గిది.

దాని మిషిన్ సంగతి తర్వాత. ముందుగాల నాకు 'ఏ ఘనపూర్' అని రాసుడు నేర్పుండ్రి. ఫోన్ల ఆ అక్షరాలు ఏడుంటయో సూపియ్యుండ్రి. గా రెండు ముక్కలు నా చేతితోని దాని ఫోన్ల వడ్డంకనే, మిషిన్ పెట్టుకోమని అడుగుత. అప్పటిదాక ఏ మొకం పెట్టుకొని అడగాలె?