టోపీల మీద గిల్జే తల్లి

ఏందీ, మీ పుస్తకంలో ఆ సినిమా పేరు పక్కన "దొరకలేదు" అని రాశారా? దొరక్కపోవడానికి అదేమన్నా చెవి నుంచి జారిపోయిన పోగా? ముందు కూర్చో అబ్బాయ్, ఆ బార్లీ నీళ్ళు తాగు, చల్లారిపోతన్నాయి. సినిమాలు దాచిపెట్టే ఆఫీసని చెప్పి సియోల్ నుంచి ఇంత దూరం దేగూ దాకా వచ్చావు. కెమెరామన్ తాక్ మాన్‌సిక్ గారి సంగతి చెప్పు అవ్వా అంటావు. చెప్తా. కానీ దొరకలేదు అనే మాట మాత్రం నా ముందు అనమాక, నాకు ఒళ్ళు మండుద్ది. దాన్ని కోశారయ్యా. కత్తెర పెట్టి, కొలత చూసుకుని మరీ కోశారు. కోసిందెవరో కాదు, నేనే. పదిహేడేళ్ళదాన్ని, గడ్డి టోపీలు కుట్టే షెడ్డులో పనిచేసేదాన్ని. నీకు తెలీదులే, పొలాల్లో పెట్టుకునే టోపీలకి చుట్టూ నల్లగా మెరిసే పట్టీ ఒకటుండేది. అదేందనుకున్నావ్? సినిమా రీలు! ఆడేసిన సినిమాలన్నీ బస్తాలకెత్తి మా షెడ్డుకి తోలేవాళ్ళు. హీరోయిన్ పెళ్ళి ఒక రైతు నెత్తిన, దాని చావు ఇంకో రైతు నెత్తిన. మేం కిటికీ దగ్గర వెలుగులో పట్టుకుని చూసి, "ఇదిగోనే, వీడు ముద్దు పెట్టుకోబోతన్నాడు" అని పడీ పడీ నవ్వుకుని, మళ్ళీ కుట్టేవాళ్ళం. ఇంకో దేశంలో ఇట్టా చేసుంటారా? తన మొహాన్నే కోసి తన నెత్తికి చుట్టుకున్న జనం ఎక్కడన్నా ఉన్నారా? చెప్పు, నువ్వు చదువుకున్నోడివిగా.

సర్లే. నాట్ల ముందు రోజులు. ఒకాయన వచ్చాడు, నువ్వడిగినాయనే. బక్కమనిషి, కెమెరా మోసీ మోసీ ఒక భుజం కిందికి దిగిపోయింది. ఫలానా సినిమా రీళ్ళు ఇక్కడికి వచ్చాయంట గదా అన్నాడు మా యజమానితో. వాడు పుల్లతో పళ్ళు కుట్టుకుంటా, "రీళ్ళు లేవు, టోపీలున్నాయి, ఎన్ని కట్టమంటావ్?" అన్నాడు. "అయ్యా, అందులో ఒక ముసలామె ఉంటది, రేవులో నిలబడి నోరు తెరిచి..." అని ఈయన అంటానే ఉన్నాడు, ఆ వెధవ మెడపట్టి గెంటాడు. ఆ ముసలామెని నేను చూశా! పొద్దుటి నుంచీ ఆమెనే కుడతన్నా. నీళ్ళు తాగొస్తానని చెప్పి వెనకాలే పరిగెత్తా. "అయ్యా, తలకి తెల్లగుడ్డ కట్టుకుందా ఆమె?" అన్నా. ఆయన నడిరోడ్డు మీద చతికిలబడ్డాడు.

అప్పుడు చెప్పాడు. కొండల్లో ఒక ఊళ్ళో ఆ సినిమా తీశారంట. పడవ పోతంటే ఒడ్డున జనం ఏడవాలి. ఊరివాళ్ళనే నిలబెట్టి ఏడవమంటే ఎవరేడుస్తారు, కిసుక్కున నవ్వుతన్నారంట. అంతలో ఒక ముసలామె నీళ్ళలోకి దిగి, "గిల్జే! ఒరే గిల్జే!" అని పిలవడం మొదలుపెట్టింది. డైరెక్టరు ఆపు ఆపు అంటన్నా ఈయన కెమెరా ఆపలా. గిల్జే ఆమె కొడుకు. యుద్ధం మొదలైన ఎండాకాలంలో, ఎరువులిస్తారంటే ఏదో కాగితం మీద వేలిముద్ర వేశాడంట, అది కమ్యూనిస్టుల లిస్టంట, ఆ కాగితం పట్టుకుని పోలీసులొచ్చి లారీ ఎక్కించారు. వాళ్ళూ మనవాళ్ళే, ఉత్తర కొరియావోళ్ళు కాదు. లోయలో కాల్చేశారని ఊరందరికీ తెలుసు. ఎవరూ నోరెత్తరు. పేరు పలికితే పలికినోణ్ణి కూడా రాసుకుంటారు గదా! ఆమెకి మాత్రం ఎవరూ చెప్పలా. షూటింగ్ అయ్యాక ఈయన చొక్కా పట్టుకుని, "నాయనా, ఈ బొమ్మ అన్ని ఊళ్ళకీ పోద్దా? మావాడు ఏ ఊళ్ళో ఉన్నా చూస్తాడు గదా?" అందంట. "పోద్దమ్మా" అన్నాడు ఈయన. అనేశాడు.

ఇక సెన్సారోళ్ళు. అప్పట్లో బొమ్మ ముందు తీసి మాటలు తర్వాత కలిపేవాళ్ళు. ఆ ముక్కకి మాటే కలపలా. ఉత్త నోరు! ఉత్త నోరు చూసినందుకే వాళ్ళకి చెమటలు పట్టినయ్. "ఈ ముసల్ది ఎవర్ని పిలుస్తంది? వాడేడి? ఎవరు తీసుకుపోయారు?" తీసెయ్యి అన్నారు. తీసేసిన ముక్కా, మిగతా సినిమానూ, అన్నీ ఒకే బస్తాలో మా షెడ్డుకొచ్చినయ్.

నేను దాచగలిగినన్ని ముక్కలు దాచా, పట్టుబడి పని పోయింది. పోతే పోయింది. అప్పటికే సగం టోపీలు సంతలకెళ్ళిపోయినయ్. ఆయన ఆ ఎండలో పొలం పొలం తిరిగాడయ్యా! నాట్లేసేవాళ్ళ దగ్గరికెళ్ళి, "అన్నా, ఒక్కసారి ఆ టోపీ ఇవ్వు, పట్టీ విప్పుకుని కొత్త రిబ్బను కట్టిస్తా" అని బతిమాలేవాడు. పిచ్చోడన్నారు. టోపీల దొంగన్నారు. ఎవడో పుణ్యాత్ముడు, రీలు ముక్కలు పట్టుకుని తిరుగుతన్నాడు, గూఢచారి అని పోలీసులకి చెప్పాడు. నాలుగు రోజులుంచారు లోపల. బయటికొచ్చేసరికి కుడిచెయ్యి వేళ్ళు మడత పడట్లా. కెమెరా తిప్పే చెయ్యి! దేన్ని పట్టుకున్నందుకు? ఒక తల్లి మొహాన్ని పట్టుకున్నందుకు! థూ.

నలభై ఆరు ముక్కలు అతికించాం. అన్నీ కలిపితే లెక్కకి పదకొండు క్షణాలు. చేత్తో తిప్పే పాత మిషనొకటి అడుక్కొచ్చాడు, లారీ బ్యాటరీతో దీపం. అవన్నీ పట్టుకుని ముసలామె ఊరెళ్ళాం. అక్కడ పొగాకు ఆరబెట్టే పెద్ద కొట్టం, బ్యారన్ ఉంది, తలుపేస్తే పట్టపగలే చీకటి. తెరకి దుప్పటి కట్టి ఊరందర్నీ కూర్చోబెట్టాం. ఆయన వేళ్ళు మడత పడవు గదా, నేనే తిప్పా. "మెల్లగా అమ్మాయ్, గుండె కొట్టుకున్నట్టు తిప్పు" అంటన్నాడు పక్కన. దుప్పటి మీద ఆమె మొహం వచ్చింది. దాని నిండా తెల్ల చుక్కలు, వరసగా, కళ్ళ మీదా బుగ్గల మీదా. అవేంటో నాకు తెలుసు. నా సూది పోట్లు. నేను కుట్టిన కుట్టు. నా చెయ్యి ఆగబోయింది, "ఆపమాక, దీపం వేడికి రీలు కాలిపోద్ది" అని అరిచాడు.

బొమ్మ నోరు తెరిచింది. మాట లేదు గదా. కింద ముందు వరసలో కూర్చున్న ముసలామే లేచి, "గిల్జే!" అని పిలిచింది, సరిగ్గా ఆ నోరు తెరిచినప్పుడే. మళ్ళీ మొదట్నుంచి తిప్పా. మళ్ళీ పిలిచింది. మూడోసారి పక్కనున్న కోడలు పిల్ల పిలిచింది. నాలుగోసారి బ్యారన్ మొత్తం. పన్నెండేళ్ళు ఆ పేరు పలకని ఊరు! ముసలాళ్ళు, మొగాళ్ళు, అందరూ. గిల్జే ఒక్కడే కాదు, లారీ ఎక్కిన వాళ్ళందరి పేర్లూ ఒక్కోటే వచ్చినయ్.

తెల్లారి పోలీసాయన వచ్చాడు. "నిన్న ఎవర్నో పిలిచారంట?" ఊరిపెద్ద చేతులు కట్టుకుని, "దూడ తప్పించుకుందండీ, దాన్ని పిలిచాం" అన్నాడు. "దూడ పేరు గిల్జేనా?" "అవునండీ, ఈ ఏడు పుట్టిన దూడలన్నిటికీ అదే పేరు పెట్టుకున్నాం."

తిరిగొచ్చేటప్పుడు బస్సులో అడిగా. "మాస్టారూ, వాడు చచ్చాడని మీకు తెలుసుగా, మరెందుకు ఇంత చేశారు?" కోపం వచ్చింది ఆయనకి. "చచ్చాడని చంపినోళ్ళకీ తెలుసు. కానీ ఆమె పిలిచింది. పిలిచిందా లేదా? అది కూడా జరగలేదని ఎట్టా అంటారు?" అని అటు తిరిగి కూర్చున్నాడు. ఇంకో రెండేళ్ళు బతికాడు. ఏ సినిమావాడూ పిలవలా, పోయాకా ఎవడూ రాలా. ఇప్పుడు మాత్రం మీరు దండ కట్టి ఫోటో పెడతారు.

ఆ పదకొండు క్షణాలా? ఆమెకే ఇచ్చేసి వచ్చాం. నడుముకి చుట్టుకుని తిరిగేదంట. పోయినప్పుడు దాంతోనే పూడ్చారు.

ఏ ఊరంటావా? ఎందుకు, తవ్వుతారా? ...ముందు ఆ ఫోనులో రికార్డింగు ఆపు. ఆపమన్నానా!