నల్లపూస పలకను తాకింది

నా పేరు శారదమ్మ. తండ్రి పేరు మల్లన్న, ఇప్పుడు లేరు. వయసు యాభై నాలుగు. మాది పాల వ్యాపారం. పురానాపూల్ దర్వాజా దాటి నది వైపు దిగే గల్లీలో ఇల్లు, ఇంటి వెనక కొట్టం. నేను పెళ్ళి చేసుకోలేదు. ఈ కేసులో ముద్దాయి కొండల్ నా తమ్ముడు. అమ్మ పోయినప్పుడు వాడు చిన్నవాడు. అన్నం కలిపి పెట్టి పెంచింది నేను.

ఇక్కడ ఇలా చెప్పాలని ఎవరైనా నేర్పారా అని మేజిస్ట్రేటు అమ్మగారు అడిగారు. నేర్పారు. నేర్పింది కొండల్. వాడు నేర్పింది నేను చెప్పడం లేదు.

ఎండాకాలం చివర ఒక కంపెనీ నుంచి వివేక్ అనే అబ్బాయి వచ్చాడు. పశువులు బొమ్మలను తాకి తమకు ఏం కావాలో చెప్పుకునే సాఫ్ట్‌వేర్ చేస్తున్నామని, మా బర్రెలలో ఒకదానికి నేర్పి చూస్తామని అడిగాడు. కొండల్ ఒప్పుకున్నాడు. నల్లపూస అనే బర్రె తొట్టి పక్కన గోడకు పెద్ద పలక లాంటి స్క్రీన్ బిగించారు. దాని మీద నీళ్ళు, మేత, దురద, నొప్పి, దుడ్డె బొమ్మలు. ఆరోది ఎర్ర గీతల గుర్తు. దాన్ని తాకితే వద్దు అని. బర్రె మూతితో ఏ బొమ్మను తాకితే ఆ మాట బయటికి వినిపిస్తుంది.

ఆ మాటలకు గొంతు నాది. రోజూ బర్రెలు వినే గొంతయితే మంచిదని వివేక్ నన్ను కొట్టంలో నిలబెట్టి ఆరు మాటలూ చెప్పించాడు.

నల్లపూస తొందరగానే నేర్చుకుంది. నీళ్ళని తాకితే కొండల్ నీళ్ళు పోసేవాడు. నేను పూజలో కూర్చుంటే వెనక నుంచి నా గొంతే నీళ్ళు అడిగేది. మా దగ్గర పాలు తీసుకునే చాయ్ హోటల్ గులాం రసూల్ భాయ్ నన్ను అక్కలా చూస్తాడు, విని నవ్వేవాడు. "ఆపా, నువ్వు నెల మొత్తంల మాట్లాడేది ఈ బర్రె ఒక్కరోజుల మాట్లాడుతున్నది" అనేవాడు. అప్పుడు మేమూ నవ్వాము.

కార్తీక మాసం మొదటి సోమవారం నల్లపూస దుడ్డె చచ్చిపోయింది. కడుపు ఉబ్బి పోయింది. నాకు ఆ రోజు ఉపవాసం.

దుడ్డె లేకపోతే బర్రె చేపదు, పాలు దిగవు. అందుకని చచ్చిన దుడ్డె తోలు ఉప్పు పెట్టి ఆరబెట్టి, లోపల గడ్డి కుక్కి కుట్టి, బర్రె ముందు నిలబెడతారు. అది వాసన చూస్తుంది, నాకుతుంది, చేపుతుంది. మా బాపు అలాగే చేసేవాడు. కొండల్ కూడా అదే చేశాడు. కొత్తగా ఏమీ చేయలేదు.

తోలు ఆరేదాకా నల్లపూస దుడ్డె బొమ్మనే తాకుతూ ఉంది. పొద్దున దుడ్డె. మధ్యాహ్నం దుడ్డె. నేను విష్ణు సహస్రనామం చదువుకుంటుంటే దుడ్డె. నా గొంతే కదా, ఆపమని ఎవరికి చెప్పాలి. కొండల్ అన్నం ముందు కూర్చుని లేచిపోయేవాడు. పలక తీసేయమని వివేక్‌కు ఫోన్ చేశాడు. ఇప్పుడే అసలు సంగతి బయటపడుతుందన్నా, కొన్ని రోజులు ఉంచండి అని ఆ అబ్బాయి అన్నాడట.

నవంబరు పద్నాలుగు, శుక్రవారం, సాయంత్రం పాలు పితికే వేళ కొండల్ కుట్టిన దుడ్డెను తెచ్చి నిలబెట్టాడు. వివేక్ అక్కడే ఉన్నాడు. నేను కొట్టం గడప దగ్గర ఉన్నాను. చేతిలో పాల క్యాను ఉంది. నల్లపూస దుడ్డెను వాసన చూసింది. చెవి దగ్గర నాకింది. తర్వాత తల తిప్పి పలక మీద ఎర్ర గుర్తును తాకింది. వద్దు అని వినిపించింది. ఆ తర్వాత దుడ్డె అని తాకింది.

చేపలేదు.

వివేక్ చాలా సంతోషపడ్డాడు. ఇట్లాంటిది ఎక్కడా జరగలేదని ఆఫీసుకు ఫోన్ చేశాడు. వీడియో సరిగ్గా రాలేదని, దుడ్డెను తీసి మళ్ళీ పెట్టమని కొండల్‌ను అడిగాడు. కొండల్ పెట్టాడు. వద్దు అంది. ఇంకోసారి, ఈ పక్క నుంచి అన్నాడు. వద్దు అంది. ఆ అబ్బాయి చెడ్డవాడు కాదు. వాడికి అది పని.

మళ్ళీ అడిగినప్పుడు కొండల్ దుడ్డెను కింద పెట్టేశాడు. నల్లపూస తాకుతూనే ఉంది. వద్దు, దుడ్డె, వద్దు. కొండల్ పెండ ఎత్తే పార తీసుకున్నాడు. పలక వైపు చూసి, "ఊకో అక్కా, ఊకో" అన్నాడు.

నేను వాడి వెనక ఉన్నాను. నేనేమీ మాట్లాడలేదు.

మొదటి దెబ్బకే పలక పగిలింది. వివేక్ దాన్ని కాపాడబోయి చెయ్యి అడ్డం పెట్టాడు. రెండో దెబ్బ ఆ చేతి మీద పడింది. రెండు వేళ్ళు విరిగాయి, అరచేయి తెగింది. వాణ్ణి కొట్టాలని కొండల్ కొట్టలేదు. అదీ నిజమే, అదీ రాసుకోండి. గులాం రసూల్ భాయ్ పరుగెత్తి వచ్చి, తన భుజం మీది తువ్వాలతో చెయ్యి కట్టి, స్కూటర్ మీద దవాఖానకు తీసుకుపోయాడు.

ఆ సాయంత్రం కొండల్ నా దగ్గరికి వచ్చాడు. దీపం పెట్టి లేచాను.

"బర్రె పొడిచి పలకనూ, గా పోరని చెయ్యినీ ఇరగ్గొట్టిందని చెప్పు అక్కా. గంతే. నోరు లేనిదాన్ని జైల్ల ఏస్తరా?"

నేను ఆలోచించాను. జైల్లో వేయరు. కాని మనిషిని పొడిచిన బర్రె అని పేరు పడితే పాలకు ఎవరూ కొనరు. మేమూ ఉంచుకోలేము. పశువుల దళారి అప్పటికే గల్లీలో దాని గురించి అడుగుతున్నాడు. ఇక అది పోయేది కబేళాకే. ఆ సంగతి కొండల్‌కు నాకంటే బాగా తెలుసు.

"వద్దు" అన్నాను.

"గా పలక అన్నట్టే అన్నవ్" అన్నాడు.

వాడు ఏది చేస్తానన్నా నేను ఎప్పుడూ వద్దనలేదు. చదువు మానేసినప్పుడూ అనలేదు. ఇదే మొదటిసారి.

వాడికి ఏ శిక్ష పడుతుందో నాకు తెలియదు. తక్కువ పడాలని దండం పెట్టుకుంటున్నాను. ఇప్పుడు బయట వరండాలో కూర్చుని ఉన్నాడు. నేను ఏం చెబుతానో వాడికి తెలుసు. అయినా పొద్దున నన్ను బండి మీద తీసుకొచ్చింది వాడే.

కుట్టిన దుడ్డెను మూసీ ఒడ్డున పూడ్పించాను. పలక పోయింది. నల్లపూస ఇప్పటికీ ఆ గోడకే మూతి ఆనిస్తుంది. ఎక్కడ ఏ బొమ్మ ఉండేదో నాకు గుర్తే. ఆ మాట నేను అంటాను. నీళ్ళయితే నీళ్ళు పోస్తాను. దుడ్డె అయితే పక్కన నిలబడతాను.

ఇది రాసుకున్నాక నాకు చదివి వినిపించారు. ఒకచోట "బర్రె పలకను తాకలేదు" అని ఉంది. అది తప్పు. తాకింది. తాకి, వద్దు అని చెప్పింది. పగలగొట్టలేదు. అలా దిద్దించాను. మిగిలినదంతా నా నోటి నుంచి వచ్చిందే, దేవుడి ఎదుట చెప్పగలిగిందే. ఎవరికీ భయపడి గాని, ఎవరి మీద ప్రేమతో గాని మార్చి చెప్పలేదు.

(సంతకం) శారదమ్మ