బూటు నాలుక

నేను చెప్పేదాంట్లో ఒక్క ముక్క అబద్ధమైనా ఈ బానెట్ ఊడి నెత్తిన పడాలి, క్లారీ. నా నెత్తిన కాదులే, లోపల తల దూర్చినవాడివి నువ్వు. అందుకే నమ్ము. కారు ఆగింది సరిగ్గా రైలు పట్టాల మీద. గోధుమల రైలు ఎంత దగ్గరికొచ్చిందంటే, పొద్దున గడ్డం గీసుకుంటూ డ్రైవరు చెంప మీద ఎక్కడ తెగ్గోసుకున్నాడో కూడా కనిపించింది.

నవ్వకు. ముందా సిగరెట్ ఆర్పు. పెట్రోలుతో పని.

పక్క సీట్లో కానిస్టేబుల్ ట్రాస్క్. ఈ వయసులో నాకు ఏటా లైసెన్సు పరీక్ష పెట్టకపోతే సర్కారుకి నిద్ర పట్టదాయె. పట్టాల ముందు ఆగాను, అటూ ఇటూ చూశాను, యాక్సిలరేటర్ తొక్కాను. కారు కాస్త కదిలి, గుటక మింగి, ఓ దగ్గు దగ్గి, పట్టాల మీద ఆలోచనలో పడింది. ఆ తర్వాత కంగారూలా ఎగిరింది. ఆయన టోపీ వెళ్లి వెనక సీట్లో కూర్చుంది. ఇంత జరిగాక ఏమన్నాడో తెలుసా, అదీ ఎంతో నెమ్మదిగా?

"కారు బాగానే ఉంది మామ్మగారూ. తటపటాయిస్తోంది మీ కాలు."

బాగానే ఉందని ఆయనకెవరు చెప్పారు? నువ్వే! పోయిన వారం ప్లగ్గులు మార్చానని ఊరంతా చాటావుగా.

మూడింటికి మళ్లీ పరీక్ష పెట్టడానికి ఇక్కడికే వస్తానన్నాడు. పక్క ఫారంలో గొర్రెలు పోయాయట, ఆ విచారణ చూసుకుని. చివరి అవకాశం అన్నాడు. అదీ పోతే? రొట్టె కొనాలంటే ఎనభై కిలోమీటర్లు వెళ్లాలి. నీ తపాలా వ్యాను వారానికోసారి. సముద్రం ఒడ్డున ముసలివాళ్ల హాస్టల్లో మా అమ్మాయి మెర్ల్ నాకు గది చూసేసింది. కర్టెన్లు కూడా కుట్టిస్తోందట. గులాబీ రంగువి.

సరే, విను. ఇంజను చల్లగా ఉన్నా అంతే, వేడెక్కినా అంతే. రోడ్డెక్కాక వెన్నలా పోతుంది. ఆగినచోట నుంచి తొక్కిన ఆ ఒక్క క్షణమే ఊపిరాడదు దానికి. అంటే ప్లగ్గులూ కాదు, నా కాలూ కాదు. తొక్కగానే అందాల్సిన పెట్రోలు అందట్లేదు.

ఆ గాలి డబ్బా ఊడదియ్. ఇంజను కట్టేసే ఉంచు. కార్బురేటర్ గొంతులోకి టార్చి వెయ్. నేనిక్కడ తొక్కుతున్నా. సన్నగా ధార చిమ్మిందా? కనీసం ఉమ్మిందా?

లేదా? మరి నేనేం మొత్తుకుంటున్నా?

తొక్కగానే పెట్రోలు చిమ్మాల్సిన ఆ చిన్న పంపు విప్పు. లోపలి తోలు ఎలా ఉంది? ఎండిన గొర్రె చెవిలా ఉందా? ఉండదూ మరి, ఈ కరువులో నా చర్మమే అలా ఉంది. పట్నం నుంచి కొత్తది తెప్పించేసరికి నేను గులాబీ కర్టెన్ల వెనక ఉంటాను.

వాకిట్లో మా ఆయన స్టాన్ బూట్లున్నాయి చూడు. అవును, అవే. స్టాన్ పోయినా అవి అక్కడే ఉన్నాయి, దారిన పోయేవాడు ఇంట్లో మగాడున్నాడనుకోవాలి కదా. తొడుక్కుంటున్నట్టు కనిపించాలని ఆదివారం ఆదివారం కొవ్వు రాస్తాను. ఎడమదాని నాలుక, అదే, లేసుల కింద ఉండే తోలు ముక్క కొయ్. వెన్నలా మెత్తగా ఉంటుంది. అలా నా వంక చూడకు. బతికుంటే స్టానే కోసిచ్చేవాడు, రెండు తిట్లు తిట్టి.

గుండ్రంగా కొయ్. ఇంకాస్త చిన్నగా. ఆఁ, బిగించు. తొక్కుతున్నా, ధార వచ్చిందా? వచ్చింది! చెప్పానా లేదా? ఆ డబ్బా పెట్టెయ్. స్టార్టు చేస్తున్నా, పక్కకి జరుగు.

...

కోళ్లకేం కాలేదుగా?

గూడుదేముంది, మళ్లీ కట్టుకోవచ్చు. ఒక్క నిమిషం, నన్నేమీ అనకు.

అది కాదు క్లారీ. ఇన్నేళ్లూ ఇది దగ్గుతుందని తెలిసి, ముందోసారి ఉత్తుత్తినే నొక్కి, ఆగి, మళ్లీ గట్టిగా తొక్కడం అలవాటైపోయింది. ఇప్పుడు కారు మొదటిదానికే దూకుతోంది. నా కాలేమో ఇంకా దగ్గు కోసం చూస్తోంది. ఆ ట్రాస్క్ అన్నది సగం నిజమే. ఈ మాట బయట పొక్కిందా, పంపులోకి నీ నాలుకే కోసి వేస్తాను.

అదిగో, పక్క ఫారం వైపు గుట్ట మీద దుమ్ము లేచింది. అతనే. ఇంజనుకి జబ్బైతే తోలు ముక్కతో పోయింది. కాలికి ఏ తోలు వేస్తాం?

ఉండు. మేత లేదని, గొర్రెలు లేవని పెద్దరోడ్డు దాకా దారికి అడ్డంగా ఉన్న గేట్లన్నీ బార్లా తెరిచి పెట్టాం కదూ? గేటు ఎలా ఉంటే అలాగే వదలాలన్నది ఇక్కడ పోలీసుకైనా తప్పదు. దిగి తియ్యాల్సిందీ పక్క సీట్లోవాడే. అతను దిగి గేటు పట్టుకుంటాడు, నేనొక్కదాన్నే ఆగినచోట నుంచి కారు కదిలించి దాటుతాను, అతను మూసొచ్చి ఎక్కుతాడు. గేటు గేటుకీ నా కాలికి ఒక పాఠం, చూసేవాళ్లెవరూ ఉండరు. పెద్దరోడ్డు ఎక్కేసరికి వస్తే వచ్చినట్టు, లేకపోతే గులాబీ రంగే నా రాత.

ఇంకా నిలబడ్డావేం? వ్యాను తీసుకుని వాగు దారిన, మేం బయల్దేరేలోపే వెళ్లు. పెద్దరోడ్డు దాకా ఒక్కటి వదలకుండా అన్ని గేట్లూ మూసిరా. గొలుసులు గట్టిగా బిగించు.