లారీ ముడి

(పొద్దున. ముందు గదిలో మంచం పక్కన, నేల మీద, లారీలు నడిపి రిటైరైన భర్త. వంటింట్లో భార్య. మధ్యలో గోడ.)

"కత్తెర తెమ్మంటే కథలడుగుతావేంటే. ఇలా పట్రా."

"ఎందుకో చెప్పండి ముందు."

"గోళ్ళు."

"గోళ్ళకి నా బట్టల కత్తెరా? వ్యాయామం మాస్టారొచ్చే వేళకి ఒళ్ళు సాగదీసి సిద్ధంగా ఉంటానని, గోళ్ళు పట్టుకు కూర్చున్నారా?"

"సాగదీస్తూనే ఉన్నా. కాలు చాపాను, పాదానికి తువ్వాలు తగిలించాను, మెల్లగా లాగాను. నిన్నటికీ ఇవాళ్టికీ జానెడు పొడుగయ్యాను."

"మరి ఊపిరి?"

"ఊపిరి సంగతి అడక్కు. ఇందాక ఒక్కసారి వదిలితే ఎదురింటి దండెం మీద బట్టలు ఆరిపోయాయి. ఆవిడ ఇటు దణ్ణం పెట్టి మరీ తీసుకెళ్ళింది."

"ముక్కుతో పీల్చి నోటితో ఊపిరి వదలమన్నారు, కోతలు వదలమనలేదు."

"కోతలా? లారీ టైరుకి నోటితో గాలి ఊది లోడు దింపొచ్చినవాణ్ణి. కత్తెర."

"మీరే వచ్చి తీసుకోండి."

"రాను."

"రారా, రాలేరా?"

"తువ్వాలు కొంచెం మంచం కోడుకి తగులుకుంది."

"తగులుకుందా, కట్టారా?"

"చేతులు ఖాళీగా ఉంటే ఊపిరి బాగా ఆడుతుందని పాదానికో చుట్టు, కోడుకో చుట్టు వేశా. జీవితమంతా లోడు కట్టిన చేతులు కదా, వాటంతటవే ముడేసేశాయి."

"లారీ ముడా? లాగేకొద్దీ బిగిసేదేనా?"

"అదే. ఓసారి ఆ ముడేసిన లారీ లోయలో పడితే, లారీ ముక్కలైంది గానీ లోడు గాల్లోనే నిలబడింది."

"లోడు సంగతి సరే. మాస్టారు మీ అవతారం చూస్తే?"

"అందుకేగా కత్తెర. రేపట్నుంచి పార్కులో ముందు నిలబడి అందరి చేతా చేయించేది నేనో, ఆ రిటైరైన పోస్టుమానో ఇవాళ తేల్చేస్తారు. వాడు వంగితే మోకాలు దాటి చెయ్యెళ్ళదు. వాడు చెప్తే నేను చేతులెత్తాలా? రావే."

"వస్తా. కాస్త ఆగండి."

"ఇందాకట్నుంచీ అదే మాట. పొయ్యి మీద ఏముంది?"

"ఏమీ లేదు."

"మరి ఏం చేస్తున్నావ్?"

"కూర్చున్నా."

"మొగుడు మంచానికి కట్టేసి ఉంటే కూర్చున్నావా?"

"కుర్చీ వదలట్లేదండీ."

"కుర్చీ వదలకపోవడమేంటి?"

"మీరొక్కరే చెయ్యగలరా అని నేనూ మొదలెట్టా. చేతులు వెనక్కి చాచి భుజాలు సాగదీయమన్నారుగా. కుర్చీ వీపు కమ్మీల్లోంచి దూర్చా. గాజులు అవతలికెళ్ళాయి, ఇవతలికి రానంటున్నాయి."

"ఎప్పట్నుంచి?"

"మీరు కత్తెర అడగక ముందునుంచి."

"కుర్చీతో సహా నడిచొచ్చెయ్."

"మా నాన్న చేయించిన టేకు కుర్చీ. దుక్కలా ఉందని మెచ్చుకున్నది మీరే."

"ఆగు. ఆ చప్పుడు తలుపేనా?"

"తలుపే. కానీ బాగా కిందెక్కడో కొడుతున్నారు. మేకేమో."

"మేక కాదు పిన్నిగారూ. నేనే, వ్యాయామం మాస్టర్ని."

"అయిపోయింది. నా పరువు పోస్టుమాన్ సంచీలో పడింది."

"మీరు ఊరుకోండి. మాస్టారూ, ఆయన ధ్యానంలో ఉన్నారు. కదలకూడదట."

"అవును మాస్టారూ, గాఢమైన ధ్యానం. నేల మీంచి నాలుగు వేళ్ళు పైకి లేచాను కూడా."

"మంచిది బాబాయ్ గారూ, కదలకండి. పిన్నిగారూ, పోనీ మీరైనా ఓసారి బయటికి..."

"నేనూ ధ్యానంలోనే ఉన్నా. తలుపు గడియ వెయ్యలేదు, తోసుకుని వచ్చేయండి."

"వచ్చేవాణ్ణే పిన్నిగారూ. చెప్పుల వార్లు విప్పుదామని వంగాను, నడుం పట్టేసింది. బాబాయ్ గారూ, రేపట్నుంచి క్లాసు మీదే, ముందు ఎవరైనా వచ్చి నన్ను నిలబెట్టండి. ఈ తలుపు కొడుతున్నది చేత్తో కాదు, తలతో."