రబ్బరు ఫౌండేషన్

“ఆంటీ, అంకుల్ కారుకి ఇంజన్ మౌంట్లు రెండు రకాలు తెచ్చా. రబ్బరువి వేయనా, స్టీలువి వేయనా?”

మౌంట్లేంటే శ్రావ్యా, ఫౌండేషన్ అను. ఇంజన్‌కీ ఛాసిస్‌కీ మధ్యన పెట్టే దిమ్మలే కదా? బెజవాడ ఆటోనగర్‌లో అట్లాగే అనేవాళ్లం. ఈ మాటతోటే నేనిక్కడ నవ్వులపాలయ్యా, చెప్పానా నీకు? న్యూజెర్సీ వచ్చిన కొత్త. మీ అంకుల్ కారు కింద పడుకుని, “సుజాతా, రెండు ఫౌండేషన్లు పట్రా” అన్నాడు. నాకొచ్చిన ఇంగ్లీషెంత? పార్ట్స్ షాపులో అదే మాట అడిగా. కౌంటర్లో పిల్ల నా మొహంకేసి చూసి, ఎదురుగా ఉన్న మందుల షాపు చూపించింది. అక్కడింకో పిల్ల నా చెయ్యి తిప్పి రంగు చూసి, మొహానికి పూసుకునే ఫౌండేషన్ క్రీము సీసాలు రెండు చేతిలో పెట్టింది. తెచ్చిస్తే ఈయన, “ఇంజన్‌ని పెళ్లికూతుర్ని చేద్దామనా?” అన్నాడు. నవ్వకు. పచ్చడి మెతుకులు తిన్న రోజులవి. ఆ సీసాలు వాపసిచ్చేదాకా నాకు ముద్ద దిగలా.

ఏం చెప్తున్నా? ఆఁ, ఈ కారు. తుప్పుపట్టిన పాతకాలం డొక్కు తెచ్చి, దాంట్లో లారీకి సరిపోయేంత ఇంజన్ పెట్టాడు. హాట్ రాడ్ అంటారంట. స్టీలు ఫౌండేషన్ వేశాడు. ఇంజన్ పిసరంత కదలకూడదంట, బలమంతా చక్రాలకే పోవాలంట. సరే, ఎక్కా. ఓరి నాయనో! పళ్లు టకటకా కొట్టుకున్నాయి, గాజులు మోగిపోయాయి. వేర్‌హౌస్‌లో పొద్దస్తమానం పెట్టెలు మోసిన నడుం మరి! మా ఐసెలిన్ ఊరు దాటకుండానే ఆపించా. “ఆ ఇంజన్‌తోనే కాపురం చేసుకో” అని దిగి బస్సెక్కా. కాదు కాదు, ఆదివారం బస్సెక్కడిది, నడిచే వచ్చా. మర్నాడే నోరు మూసుకుని రబ్బరు వేశాడు. అప్పట్నుంచీ సీట్లో కూర్చుంటే ఇంజన్ నడుస్తోందో లేదో తెలిసేదే కాదు.

అందుకే రబ్బరంటాననుకున్నావు కదూ? అదే అనేదాన్ని. కానీ మొన్న ఆయిల్ కారుతోందని ఇంజన్ దింపేముందు నువ్వు స్టార్ట్ చేశావు చూడు. మీ అంకుల్ నీ పక్కనే కూర్చుని, “ఇంకా స్టార్ట్ చేయవేమ్మా?” అన్నాడు. చెవులు బొత్తిగా పోయాయని తెలుసు నాకు, మిషన్ పెట్టినా అంతంతమాత్రమే. కానీ నడుస్తున్న బండిలో కూర్చుని ఆ మాట! చెవితో విని ఇంజన్ జబ్బు చెప్పిన మనిషాయన!

స్టీలు వెయ్యి.

“మరి మీ నడుం, ఆంటీ?”

దిండేసుకుంటాలే. గట్టిగా తోలితే ఆ అదురుకి ఛాసిస్ పగులుద్దని నాకూ తెలుసు. తోలేది నువ్వేగా, మెల్లగా వీధి చివరిదాకా తిప్పు, చాలు. చెవికి వినపడకపోతే మానె, ఆయన వీపుకన్నా తెలవాలి.

బేస్‌మెంట్‌లో అద్దెకి దిగితే సాఫ్ట్‌వేర్ పిల్లవే అనుకున్నా, మా ఇంజనే దింపావు. నీ చెయ్యి చల్లగుండాలి తల్లీ. పట్టిన బోల్టల్లా బిగియాలి. ఒక్కటి మాత్రం, నన్ను పిలవకుండా స్టార్ట్ చేయకు. నేను ఎదురుగా నిలబడతా. ఆయన మొహం చూడాలి...