చెంప ఆనిన చోటు

తుపాకులు బాగుచేసే కొట్టు. బల్ల మీద తెరిచిన పెట్టెలో పాత టార్గెట్ రైఫిల్. దానికి అటు కొట్టు ఆయన, ఇటు పోయిన స్నేహితుడి కూతురు.

“బ్యారెల్ మార్చేయండి బాబాయ్. ట్రిగ్గర్ కూడా. కావాలంటే గురి చూసే సైట్లూ మార్చండి.”

“అన్నీ మార్చాక మీ నాన్న రైఫిల్‌లో ఏం మిగులుతుంది తల్లీ?”

“చెక్క మిగులుతుంది. చెక్క జోలికి మాత్రం వెళ్ళకండి.”

“మీ కోచ్ కొత్తది కొనమన్నాడటగా. అదిగో, గోడ మీద పైనున్నది, చూడు. నీలాంటి పొడుగు మనుషులకే చేసినట్టుంటుంది.”

“చూడను. వారంలో ఎంపిక పోటీ. కొత్తది చేతికి అలవాటు కావాలంటే నెలలు పడుతుందని మీరేగా అంటారు.”

“అంటాను. నా బేరం నేనే చెడగొట్టుకుంటాను.”

“నవ్వించకండి. తూటాలు ఎక్కడెక్కడికో పోతున్నాయి. ఒకటి ఇటు, ఒకటి అటు.”

“నిన్న నువ్వు వదిలి వెళ్ళావుగా, పొద్దున బల్లకున్న వైస్ పట్టులో కదలకుండా బిగించి కాల్చి చూశా. తూటాలన్నీ ఒకే చిల్లులో దూరాయి. ఇదిగో కాగితం. చిటికెన వేలు కూడా పట్టదు.”

“అయితే...”

“అయితే తప్పు రైఫిల్‌ది కాదు.”

“నాదంటారు.”

“నేనన్లేదు. ఆ చాప మీద పడుకో. రైఫిల్ ఖాళీదే. పట్టుకో... ఊఁ. మెడెందుకలా బిగపట్టావు?”

“అలవాటే.”

“చెంప నొక్కితే గానీ కన్ను సైట్ ఎత్తుకి దిగట్లేదు నీకు. చెంప ఆనించే ఈ చెక్క ఎత్తుగా ఉంది. దించుకోవచ్చుగా? ఉన్నది ఒక్క మర.”

“దించను.”

“ఎందుకని?”

“నాన్న పెట్టుకున్నది అది. మర మీద ఆయన గుర్తు కూడా ఉంది, రంగు చుక్క. మర కదిపితే చుక్క చిట్లుతుంది.”

“నాకు చెప్తావేంటి. ఆయనకి ఆ చుక్క పెట్టడం నేర్పిందే నేను.”

“మరింకేం. మెడనొప్పి నేను పడతా.”

“నొప్పి సంగతి కాదమ్మా, స్కోరు...”

“బాబాయ్, ఒకటి చెప్తా. నవ్వకూడదు. అమ్మకి అసలే చెప్పకూడదు.”

“చెప్పు.”

“నాన్న వస్తున్నాడు.”

“ఎక్కడికి?”

“దీని దగ్గరికి. పెట్టెకి రెండు కొక్కేలూ వేసి వెళ్తానా, వచ్చేసరికి ఒకటే వేసుంటుంది. నాన్న ఒకటే వేసేవాడు. తుడిచే గుడ్డ నేను ఉండచుట్టి పడేస్తా. వచ్చి చూస్తే మడతపెట్టి ఉంటుంది, నాన్న పెట్టినట్టే. మొన్న బయటికెళ్ళి, పని కాక మధ్యలోనే ఇంటికొచ్చేశా. చెంప ఆనిస్తే చెక్క వెచ్చగా ఉంది.”

“ఎండ తగిలుంటుంది.”

“ఆ గదికి కిటికీ లేదు.”

“మరి మీ అమ్మ...”

“అమ్మ ఆ గది గడప తొక్కదు. నాన్న పోయినప్పట్నుంచీ రైఫిల్ పేరెత్తితే చాలు, లేచి వంటింట్లోకి పోతుంది. అదంటేనే పడదు ఆవిడకి. అందుకే చెక్క కదపొద్దంటున్నా. ఆయన వచ్చి చెంప పెట్టుకుంటే అక్కడే ఉండాలి కదా, దాని చోట్లో అది.”

“లే. ఇలా వచ్చి కూర్చో. నీ మొహం ఎవరి పోలిక?”

“ఇదేం ప్రశ్న? నాన్నే. ఆ గుర్రం మొహం, ఆ కొంగ మెడ.”

“అచ్చుగుద్దినట్టు. మరి ఆయన చోటు నీకు ఎత్తెందుకయింది?”

“అంటే?”

“భూతద్దం పట్టుకో. మర మీద చుక్క ఏం రంగు?”

“ఎరుపు.”

“మీ నాన్న వాడింది తెల్ల పెయింటు. నా డబ్బాలోదే. ఎరుపు కింద చూడు, అంచున.”

“తెల్లగా ఉంది... చిట్లి ఉంది.”

“ఎవరో కన్ను సైట్‌కి అందక, మర తిప్పి చెక్క పైకి లేపుకున్నారు. లేపుకుని ఆయన పెట్టినట్టే మళ్ళీ చుక్క పెట్టారు. చిన్న మొహం, పొట్టి మెడ మనిషి. ఆ ఎరుపు, పెయింటు కూడా కాదు తల్లీ. గోళ్ళ రంగు.”

“అమ్మ గోళ్ళకి రంగు వేసుకోవడం ఎప్పుడో మానేసింది.”

“సీసా పారేసిందా?”

“లేదు. అద్దం వెనకాలే ఉంది.”

“ఊఁ.”

“అమ్మ నాకెందుకు చెప్పలేదు బాబాయ్? ఒకే ఇంట్లో ఉంటాం కదా.”

“నాన్న వస్తున్నాడని నువ్వు ఆవిడకి చెప్పావా?”

“ఆ చుక్క ఇంకోసారి చూడనివ్వండి.”

“ఇదిగో, తెల్ల చుక్క రెండు ముక్కలూ కలిసేదాకా వెనక్కి తిప్పితే చాలు, మీ నాన్న చోటు మళ్ళీ వస్తుంది. నీకు అతికినట్టు సరిపోతుంది. పోటీలో నీకిక తిరుగుండదు. తిప్పనా?”

“వద్దు.”

“అదేంటి?”

“పైనున్న ఆ కొత్తది కిందికి దించండి. చూస్తా.”

“వారంలో అది చేతికి రాదు. ఎంపిక పోతుంది.”

“పోనీండి. వచ్చే ఏడు లేదా ఏంటి.”

“సరే. మరి దీన్ని? ఇలా ఇవ్వు, పెట్టె మూసేస్తా.”

“రెండో కొక్కెం వెయ్యకండి బాబాయ్. అమ్మ ఒకటే వేస్తుంది.”