తేలంటే నూనెట!

అదేంటండీ వెంకటరత్నం గారూ, ఆ ఉత్తరం నా మొహాన పెట్టి ఎవరు రాశారని అడుగుతారేంటి? ఆకాశరామన్న ఉత్తరానికి అడ్రసుంటుందా ఎక్కడైనా? ముందు కూర్చోండి. మీరు అద్దెకిచ్చిన ఇల్లు మా ఎదురుగానే ఉంది, ఎక్కడికీ పోదులెండి.

అయినా రాసేవాళ్ళకేం తక్కువండీ ఈ కాలనీలో! తణుకు బజార్లో కొట్టు పెట్టుకుని మేం ఇక్కడ ఇల్లు కట్టుకున్నప్పుడు పదకొండే పదకొండు కొంపలు. చుట్టూ వరిచేలు. ఎవరింట్లో ఏం కూరో ఈ రత్నమాణిక్యం వాసన బట్టి చెప్పేసేది. ఇప్పుడో? ఆ మూలో అపార్ట్‌మెంటు, ఈ మూలో అపార్ట్‌మెంటు! పక్క అపార్ట్‌మెంట్లో వినీలని ఒకమ్మాయి దిగింది. గడప దాటదు, లాప్‌టాప్ ముందే కూర్చుంటుంది, నెలకి లక్షన్నరట. ఇంట్లో కూర్చున్నదానికి లక్షన్నర ఎవరిస్తారండీ? పైగా రోజూ పార్సెళ్ళు. ఏముంటాయో వాటిల్లో!

ఇక మీ ఇంట్లోవాళ్ళు! బీహారంటారు, రైసుమిల్లులో పనంటారు. గుమ్మం ముందు ఏడెనిమిది జతల చెప్పులు. అద్దెకి దిగింది మొగుడూ పెళ్ళామా, ఊరు ఊరంతానా? తలుపెప్పుడూ చేరేసే ఉంటుంది. లోపల్నుంచి ఏదో ఘాటు వాసన. ఆ పిల్ల ఫోన్లో మాట్లాడుతూ మాట్లాడుతూ, నేను గుమ్మంలోకొస్తే గొంతు తగ్గించేస్తుంది. ఎందుకు తగ్గించాలంట? నాకా భాష వచ్చి చచ్చిందా!

ఆ పిల్ల పేరైనా తెలుసా అంటారా? ఏమో... అడగలేదండి. ఏడాదైంది వచ్చి. అడగలేదు.

మొన్న శుక్రవారం పొద్దున్న, మా ఆయన కొట్టుకెళ్ళాక, నీళ్ళు కాచుకుందామని దొడ్లో కొబ్బరి డొక్కల్లో చెయ్యి పెట్టాను. అమ్మో! వేలి మీద నిప్పు పెట్టినట్టయింది. "తేలు! తేలు!" అని వీధిలోకొచ్చి కేకలు పెట్టాను. మన సూర్యకళ లేదూ, పాతికేళ్ళ స్నేహం, గోడ మీంచి తొంగిచూసి "నూట ఎనిమిదికి ఫోన్ చెయ్యి వదినా" అని లోపలికెళ్ళి తలుపేసుకుంది. తేలు తనింటికొచ్చేస్తుందని కాబోలు!

పరిగెత్తుకొచ్చిందెవరో తెలుసా? ఆ బీహారు పిల్ల. చేతిలో నూనె సీసాతో! నాకు ఒళ్ళు మండిపోయింది. ప్రాణం పోతోందిరా దేవుడా అని నేనేడుస్తుంటే ఇది నూనె పట్టుకొచ్చిందేంటి, ఇదేం చేతబడి అనుకున్నాను. అదేమో "తేల్, తేల్" అంటూ సీసా నా చేతిలో పెడుతుంది. నేనేమో "తేలే, తేలే" అని ఏడుపు! తర్వాత వినీల చెప్పింది, వాళ్ళ భాషలో తేలంటే నూనెట. నేను నూనె కోసం అంత గోల పెడుతున్నాననుకుందండీ పిచ్చిది.

వాచిన వేలు చూశాక అర్థమైంది దానికి. ఆటోలో వేసుకుని ఆసుపత్రికి తీసుకుపోయింది. సెలైను ఎక్కుతున్నంతసేపూ నా రెండో చెయ్యి వదల్లేదు. ఆరోజు మిల్లు పని మానుకుంది. ఇంటికొచ్చాక ఆ సీసా మూత తీసి చూశాను. మీ ఇంట్లోంచి వచ్చే ఘాటు వాసన... ఆవనూనెండీ. అంతే.

నవ్వకండి. సిగ్గుతో చస్తున్నాను. ఉత్తరంలో "గంజాయి వాసన" అని రాసింది నేనే. దస్తూరీ పోల్చుకోకూడదని ఎడంచేత్తో రాశాను. బుధవారం పోస్టులో వేశాను, శుక్రవారం తేలు కుట్టింది. ఇలా ఇవ్వండి, చింపేస్తాను.

ఇవ్వరా? అదేంటి? అబద్ధమని మీకు ముందే తెలుసా!

ఓహో... వినీల ఆఫీసువాళ్ళెవరో రెట్టింపు అద్దె ఇస్తామన్నారా. ఉత్తినే పొమ్మంటే బాగోదని ఆ బీహారువాళ్ళకి ఈ కాగితం చూపిస్తారా. గంజాయి అనేసరికి నోరెత్తకుండా మూటాముల్లే సర్దుకుంటారని! ఎంత తెలివండీ మీది. నా అబద్ధానికి కూడా అద్దె వసూలు చేస్తున్నారన్నమాట.

వెళ్ళండి, వెళ్ళండి. మీ ఇల్లు, మీ ఇష్టం. వద్దనడానికి నేనెవర్ని? ఏ మొహం పెట్టుకుని అననూ?

ఒక్క మాట బాబూ. రాసిందెవరని ఆ పిల్ల అడిగితే నా పేరు మాత్రం చెప్పకండేం. సాయంత్రం నా వేలికి మందు రాయడానికి వస్తానంది.